కొత్త టీవీలో చుక్క పడిందా? డెడ్ పిక్సెల్‌కి వారంటీ రాబట్టుకోవడం ఎలా

పండగ ఆఫర్లో కొన్న టీవీలో నల్లచుక్క కనబడితే మనవాళ్లు ముందుగా షాపతనికి ఫోన్ కొడతారు. "కంపెనీకి చెప్పండి బాబూ, మా చేతిలో ఏముంది" అంటాడాయన. కంపెనీ నంబరుకి చేస్తే "ఒకటి రెండు చుక్కలకి వారంటీ వర్తించదు సార్" అంటారు. వీళ్లిద్దరి మధ్య తిరిగేసరికి వారం పది రోజులు గడిచిపోతాయి. అసలు నష్టం జరిగేది ఆ రోజుల్లోనే.

డెడ్ పిక్సెల్ విషయంలో వారంటీ కంటే రిటర్న్ గడువే మనకి ఎక్కువ అక్కరకొస్తుంది. వారంటీ ఏడాదో రెండేళ్లో ఉంటుంది కానీ, "ఇన్ని చుక్కల దాకా లోపం కాదు" అనే లెక్క షరతుల్లో ఎక్కడో ఒక మూల ఉంటుంది. రిటర్న్ గడువులో ఆ లెక్క అంతగా అడ్డురాదు. భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపు టీవీలు బిగించడం, కంప్యూటర్లు చూడటం నా పని కాబట్టి ఈ గొడవలు ఏడాది పొడుగునా వింటూనే ఉంటాను. చుక్క కనబడిన రోజు నుంచి ఏం చేయాలో వరసగా చెబుతాను.

ముందు ఆ చుక్క ఏమిటో తేల్చుకోండి

ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 గళ్లు ఉంటాయి. మొత్తం 20,73,600 పిక్సెళ్లు. 4కే తెరలో 82,94,400. ఒక్కో పిక్సెల్‌లో మళ్లీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు భాగాలు, అవే సబ్‌పిక్సెళ్లు. ఎల్‌సీడీ తెరలో ఒక్కో సబ్‌పిక్సెల్‌నీ ఒక బుల్లి ట్రాన్సిస్టర్ నడుపుతుంది. అంటే 4కే టీవీలో దాదాపు రెండున్నర కోట్ల ట్రాన్సిస్టర్లన్నమాట. అన్నీ ఏ లోపం లేకుండా రావడం కష్టమన్నది కంపెనీల వాదన. ఆ మాటలో నిజం లేకపోలేదు.

ఎప్పుడూ నల్లగా ఉండిపోయేది డెడ్ పిక్సెల్. ఏ బొమ్మ వచ్చినా ఎర్రగానో పచ్చగానో ఒకే రంగులో వెలిగేది స్టక్ పిక్సెల్. ఎప్పుడూ తెల్లగా మెరిసేది హాట్ పిక్సెల్. కంపెనీ కాగితాల్లో మాత్రం వెలిగే వాటన్నిటినీ బ్రైట్ డాట్ అనీ, వెలగని వాటిని డార్క్ డాట్ అనీ రాస్తారు. ఈ తేడా గుర్తుంచుకోండి. బ్రైట్ డాట్‌కి తేలిగ్గా ఒప్పుకునే కంపెనీ డార్క్ డాట్ దగ్గర బిగుసుకుంటుంది.

చుక్క ఎంత కనబడుతుందన్నది గడి సైజుని బట్టి ఉంటుంది. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీలో ఒక్క పిక్సెల్ వెడల్పు సుమారు అర మిల్లీమీటరు. 55 అంగుళాల 4కే టీవీలో అది 0.32 మిల్లీమీటర్లే. కాబట్టి చవకలో కొన్న చిన్న టీవీలోనే చుక్క పెద్దగా కనబడుతుంది. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో 0.28 మిల్లీమీటర్లే అయినా, రెండడుగుల దూరంలో కూర్చుని పనిచేస్తాం కాబట్టి రోజంతా కంట్లో నలుసులా ఉంటుంది.

గోదావరి జిల్లాల్లో ఇంకో తిరకాసు ఉంది: పురుగులు. సార్వా వరి కోతకొచ్చే రోజుల్లో, దీపావళికి ముందూ వెనకా, సాయంత్రం లైటు వేస్తే చాలు దీపపు పురుగులు గుంపులుగా వచ్చి పడతాయి. వాటికి టీవీ వెలుతురైనా ఒకటే. వాటిలో బాగా సన్నవి వెనక గాలి రంధ్రాల్లోంచి దూరి, ప్యానెల్‌కీ (బొమ్మ కనబడే తెర పలక) దాని వెనక కాంతిని పరిచే పలకలకీ మధ్య చేరతాయి. అక్కడే చచ్చిపోతే ముందు నుంచి చూసేవాళ్లకి అచ్చం డెడ్ పిక్సెల్‌లా ఉంటుంది.

కొత్తపేట దగ్గర ఒక ఇంటికి వెళ్లినప్పుడు ఆ ఇంటి పెద్దాయన "ఆయ్, నిన్న ఇక్కడుందండీ, ఇవాళ అరంగుళం కిందకి దిగిందండీ" అని తెర మీద వేలు పెట్టబోయారు. చెయ్యి పట్టుకుని ఆపాను. పిక్సెల్ నడవదు కదా. టీవీ ఆపి, గదిలో లైటు తీసేసి, సెల్‌ఫోన్ లైటు తెర అంచున పెట్టి కూర్చున్నాం. కాసేపటికి ఆ చుక్క వెలుతురు వైపు జరగడం మొదలుపెట్టింది. వేలితో నొక్కి ఉంటే లోపలే నలిగి, టీవీ ఉన్నన్నాళ్లూ మచ్చగా మిగిలేది. పురుగులు, బల్లులు దూరడం వల్ల వచ్చిన లోపానికి వారంటీ లేదని చాలా కంపెనీల షరతుల్లో రాసే ఉంటుంది. అనుమానంగా ఉంటే భూతద్దంతో చూడండి. పిక్సెల్ లోపమైతే గడి హద్దులోనే నలుచదరంగా ఉంటుంది. పురుగైతే వంకరగా నాలుగైదు గళ్ల మీద పరుచుకుని ఉంటుంది.

పిక్సెల్ కానివాటిని పిక్సెల్ అనకండి

చాలామంది కేసు చెడేది ఇక్కడే. తెర మీద ఏం కనబడినా "డెడ్ పిక్సెల్ వచ్చింది" అని కంప్లైంట్ రాయిస్తారు. కాల్ సెంటర్ వాళ్లు పిక్సెల్ రూలు తీసి, రాదని చెప్పి ఫోన్ పెట్టేస్తారు.

నిలువు గీతగానీ అడ్డగీతగానీ పడితే అది చుక్కల లెక్కలోకి రాదు. ప్యానెల్ అంచున ఉండే సన్నని రిబ్బన్ అతుకు ఊడినా, ప్యానెల్‌కి బొమ్మ సంకేతాలు పంపే టీకాన్ బోర్డు పాడైనా గీతలొస్తాయి. వారంటీలో ఉంటే వాళ్లు చేసి తీరాల్సిన పని అది. "గీత పడింది" అనే చెప్పండి. ఎల్ఈడీ టీవీలో రూపాయి బిళ్లంత గుండ్రటి తెల్ల మచ్చలు వస్తే, వెనక బల్బుల మీద అతికించిన చిన్న లెన్సులు ఊడిపడి ఉంటాయి. అది బ్యాక్‌లైట్ లోపం. ప్యానెల్ మార్చకుండానే బాగవుతుంది, వారంటీలోకి వస్తుంది.

ఓఎల్ఈడీ టీవీలో న్యూస్ ఛానెల్ లోగో నీడలా నిలిచిపోతే దాన్ని బర్న్ ఇన్ అంటారు. వాడకం వల్ల వచ్చిందని చాలా వారంటీల్లో దాన్ని పక్కన పెట్టేస్తారు. ఇక దెబ్బ తగిలి సిరా ఒలికినట్టు నల్లగా పాకితే ఏ కంపెనీ మార్చదు, దాని మీద టైము వృథా చేసుకోవద్దు.

ఐదు రంగుల పరీక్ష

ముందు తెర తుడవండి. ఈగ వేసిన రెట్ట కూడా నల్లచుక్కే కదా. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. పోకపోతే గుడ్డని కాస్త తడిపి పిండండి. అద్దాలు తుడిచే స్ప్రే తెర మీద కొట్టకండి. నీళ్లు కింద అంచులోకి జారితే అదే కొత్త జబ్బవుతుంది.

తర్వాత నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఈ ఐదు రంగుల్లో ఒక్కో ఖాళీ బొమ్మ తయారుచేసుకోండి. తెర రిజల్యూషన్‌కి సరిగ్గా సరిపోయే సైజులో, పీఎన్‌జీ ఫైలుగా పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఫోన్లో ఏ ఫోటో యాప్‌తోనైనా చేసుకోవచ్చు. యూట్యూబ్‌లో ఇలాంటి వీడియోలు దొరుకుతాయి, తొలి చూపుకి అవి సరిపోతాయి. కానీ నెట్ నెమ్మదిస్తే వీడియో నాణ్యత పడిపోయి సన్నచుక్కలు కలిసిపోతాయి.

గదిలో లైటు తగ్గించి ఒక్కో రంగూ తెర నిండా పెట్టి, మూలల నుంచి మధ్యకి నిదానంగా చూడండి. తెలుపు మీద వెలగనివి, నలుపు మీద ఆరనివి బయటపడతాయి. మిగతా మూడు రంగులూ ఏ సబ్‌పిక్సెల్ పోయిందో చెబుతాయి. ఎరుపు మీద మాత్రమే నల్లగా కనబడితే ఎరుపు భాగం పోయినట్టు. అదే చుక్క తెలుపు మీద లేత నీలిపచ్చగా కనబడుతుంది. మూడు రంగుల మీదా నల్లగా ఉంటే పిక్సెల్ మొత్తం పోయినట్టే.

చుక్క కనబడగానే టీవీ సొంత మెనూ తెరవండి. మెనూ మీద కూడా అదే చోట ఉంటే తప్పు ప్యానెల్‌ది. సెట్‌టాప్ బాక్సులో మాత్రమే కనబడి మెనూలో లేకపోతే కేబులో బాక్సో చూసుకోవాలి. చాలా స్మార్ట్ టీవీల్లో సపోర్ట్ మెనూ కింద పిక్చర్ టెస్ట్ ఉంటుంది, అందులో కూడా చూడండి. ఇంజనీరు ముందు ఈ మెనూ రుజువుకి తిరుగుండదు. కంప్యూటర్ మానిటర్ అయితే స్క్రీన్‌షాట్ తీసి ఇంకో తెర మీద చూడండి. స్క్రీన్‌షాట్‌లో చుక్క లేదంటే మానిటర్‌లో ఉన్నట్టే.

తర్వాత స్కేలు తీసుకుని ఎడమ అంచు నుంచి ఎన్ని సెంటీమీటర్లు, పై అంచు నుంచి ఎన్ని సెంటీమీటర్లు అన్నది కొలిచి రాసుకోండి. స్కేలు పక్కన పెట్టి ఒక ఫోటో, తెర మొత్తం వచ్చేలా ఒక ఫోటో, వెనక సీరియల్ నంబరు స్టిక్కర్ ఫోటో ఒకటి తీయండి. ఫోన్ మరీ దగ్గరగా పెడితే ఫోటోలో అడ్డదిడ్డంగా చారలొస్తాయి. కాస్త వెనక్కి జరిగి జూమ్ చేయండి. కొలత ఎందుకంటే నెల తర్వాత రెండో చుక్క పుడితే అది కొత్తదని చూపించగలగాలి. ప్యానెల్‌లో చుక్కలు పెరుగుతూ పోతున్నాయంటే కంపెనీ మాట్లాడే తీరు కూడా మారుతుంది.

కంపెనీ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది

2001లో వచ్చిన ఐఎస్ఓ 13406-2 అనే అంతర్జాతీయ ప్రమాణం తెరల్ని నాలుగు తరగతులు చేసింది. మొదటి తరగతిలో ఒక్క చుక్క కూడా ఉండకూడదు. మామూలు తెరలకి కంపెనీలు పట్టుకున్నది రెండో తరగతిని. దాని ప్రకారం ప్రతి పది లక్షల పిక్సెళ్లకి ఎప్పుడూ వెలిగేవి 2, ఎప్పుడూ నల్లగా ఉండేవి 2, సబ్‌పిక్సెల్ లోపాలు 5 దాకా ఉండొచ్చు. ఫుల్ హెచ్‌డీ తెరకి లెక్క కడితే తెల్లవి 4, నల్లవి 4, సబ్‌పిక్సెళ్లు 10. అదే లెక్క 4కే తెరకి పెడితే నల్లవే 16 దాకా పోతుంది. పదహారు చుక్కలున్న టీవీని ఇంట్లో ఎవరు చూస్తారు చెప్పండి? 2008లో ఐఎస్ఓ 9241-307 వచ్చి ఆ పాత ప్రమాణం స్థానం తీసుకుంది.

ఇవేవీ మన దేశంలో చట్టాలు కావు. కంపెనీ తనంతట తాను పెట్టుకున్న హద్దులు. కొన్ని కంపెనీలు ఇంతకంటే మెరుగైన హామీ ఇస్తాయి. ప్రీమియం ప్యానెల్ ఎక్స్చేంజ్ అనే హామీ ఉన్న డెల్ మానిటర్లకి వారంటీ కాలంలో ఒక్క బ్రైట్ పిక్సెల్ ఉన్నా మారుస్తారు. ఏసుస్ కొన్ని మోడళ్లకి జీరో బ్రైట్ డాట్ హామీ ఇస్తుంది. గమనించారా, రెండూ వెలిగే చుక్కల సంగతే. నల్లచుక్కకి వేరే లెక్క. కొన్ని కంపెనీలు చుక్క తెర మధ్యలో ఉందా అంచున ఉందా, రెండు చుక్కల మధ్య దూరమెంత అన్నది కూడా చూస్తాయి.

టీవీల విషయంలో ఈ లెక్క వారంటీ కార్డు మీద సాధారణంగా కనబడదు. మాన్యువల్ వెనక పేజీల్లో "కొన్ని పిక్సెళ్లు వెలగకపోవచ్చు, అది లోపం కాదు" అనే ఒక్క వాక్యం ఉంటుంది, అంకె ఉండదు. అంకె లేకపోవడం మనకే మంచిది. "ఎన్ని దాటితే మారుస్తారో రాసి పంపండి" అని మెయిల్లో అడగొచ్చు. ఇంకో మాట. టీవీ వెనక కనబడే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ గుర్తు కరెంటు భద్రతకి సంబంధించింది. అది చూసి ప్యానెల్‌కి ప్రభుత్వం హామీ ఇచ్చిందనుకోకండి.

మొదటి వారం ఇలా నడపండి

బిల్లు దగ్గర మొదలుపెడదాం. "బిల్లు లేకుండా అయితే వెయ్యి తగ్గిస్తాను" అనే మాటకి లొంగారంటే మిగతా వ్యాసం మీకు పనికిరాదు. మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉన్న జీఎస్టీ బిల్లు తీసుకోండి. వస్తువు అమ్మి బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి.

తర్వాత మోత. టీవీ పెట్టెని ఎప్పుడూ నిలబెట్టే తేవాలి. ఆటోలో పడుకోబెట్టి, పైన బియ్యం మూట పెట్టి తెచ్చిన టీవీలు చూశాను. నరసాపురంలో కొని పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద గోదావరి అవతల సఖినేటిపల్లికి దాటించేవాళ్లు పెట్టెని బైకుల మధ్య ఇరికించకండి, ఒక మనిషి పట్టుకుని నిలబడాలి. కుదిరితే షాపు వాళ్లనే ఇంటికి చేర్చమనండి. దారిలో దెబ్బ తగిలితే బాధ్యత వాళ్లది. మీరే తెచ్చుకుంటే మీది.

ఇప్పుడు అసలు చిక్కు. పెట్టె మీద "ఇంజనీరు వచ్చేదాకా విప్పవద్దు" అని ఉంటుంది. ఇంజనీరు ఇవాళ రేపు అంటూ ఆరో రోజుకి వస్తాడు. ఆన్‌లైన్లో కొన్న వాటికి రిటర్న్ గడువు మామూలుగా ఏడు, పది రోజులు. అంటే చుక్క చూసుకోవడానికి మీకు మిగిలేది ఒకటి నుంచి నాలుగు రోజులు. కాబట్టి టీవీ దిగిన రోజే ఇన్‌స్టలేషన్‌కి బుక్ చేయండి. రెండో రోజుకి రాకపోతే అమ్మిన సైట్లో ఆలస్యం గురించి ఫిర్యాదు పెట్టండి, ఆ తేదీ రికార్డులో ఉంటుంది. ఇంజనీరు వచ్చి గోడకి బిగించాక సంతకం అడుగుతాడు కదా, దానికి ముందే మీ పెన్‌డ్రైవ్ పెట్టి ఐదు రంగులూ చూడండి. ఐదు నిమిషాల పని. మొహమాటపడకండి. పెట్టె విప్పేటప్పుడు సీలు, సీరియల్ నంబరు కనబడేలా ఆపకుండా ఒకే వీడియో తీసి ఉంచండి.

చుక్క కనబడితే ఆ రోజే అమ్మినవాడికి రాతలో తెలియజేయండి. షాపైతే వాట్సాప్‌లో ఫోటోతో, సైటైతే ఆర్డర్ పేజీలో "లోపం ఉన్న వస్తువు" అనే కారణం కింద. చాలా బిల్లుల అడుగున "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చు వేసి ఉంటుంది. లోపం ఉన్న వస్తువుకి ఆ మాట చెల్లదు. బిల్లు మీద రాసిన గడువులో, ఏ గడువూ రాయకపోతే 30 రోజుల్లో, లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకోకపోవడం కూడా అదే 2019 చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే. ఆన్‌లైన్ అమ్మకాలకి 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఉన్నాయి. సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి.

స్టక్ పిక్సెల్‌కి రంగుల్ని గబగబా మార్చి వెలిగించే వీడియోలు, సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కొన్ని గంటలు నడిపితే ఒక్కోసారి చుక్క కదిలి మామూలవుతుంది. నల్లచుక్కకి ఇది పనిచేయదు. ఆ మినుకుమినుకు వెలుతురు మూర్ఛ ఉన్నవాళ్లకి ప్రమాదం, పిల్లల్ని కూడా దూరంగా ఉంచండి. ఫిర్యాదు పెట్టాకే ఈ ప్రయత్నం చేయండి, దీని కోసం గడువు పోగొట్టుకోకండి. గుడ్డ చుట్టి పెన్సిలు మొనతో నొక్కమనే చిట్కా మాత్రం అస్సలు వద్దు. ఒక చుక్క పోయి నాలుగు పుడతాయి, వాటికి వారంటీ కూడా ఉండదు.

గడువు దాటాక: కంపెనీతో మాట్లాడే పద్ధతి

రిటర్న్ గడువు దాటితే వారంటీయే దిక్కు. మన దగ్గర అమ్మే టీవీలు చాలావాటికి టీవీ మొత్తానికి ఒక ఏడాది, ప్యానెల్‌కి అదనంగా ఇంకో ఏడాది ఇస్తారు. ఆ అదనపు ఏడాదిలో పార్టుకే డబ్బులుండవు, ఇంజనీరు చార్జీ వేయొచ్చు. కార్డు చూసుకుని ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడేవాళ్లని అడగొచ్చు, మాట మాత్రం పొట్టిగా ఉండాలి: "తెర మధ్యలో, ఎడమ అంచు నుంచి 41 సెంటీమీటర్ల దగ్గర నల్లచుక్క ఉందండి. టీవీ మెనూ మీద కూడా అక్కడే కనబడుతోంది. కంప్లైంట్ నంబరు ఇవ్వండి." అంతే. పిల్లలు బంతి ఆడారని, మొన్న పిడుగు పడిందని కథంతా చెప్పకండి. అబద్ధం కూడా చెప్పొద్దు, అడిగినదానికే జవాబివ్వండి.

ఇంజనీరు తను చూసిందీ చేసిందీ జాబ్ షీట్ అనే కాగితం మీద రాస్తాడు. అతను వచ్చాక మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి.

"ఇది కామనండీ, నెల రోజుల్లో అదే పోద్ది."

"పోతుందని జాబ్ షీట్ మీద రాసివ్వండి బాబూ, నెల ఆగుతాను."

ఇక్కడ ఎక్కువమంది రాయరు. రాయకపోయినా మీరు అడగాల్సినవి రెండున్నాయి. చుక్క ఎక్కడుందో, ఎన్ని ఉన్నాయో జాబ్ షీట్‌లో ఎక్కించమనండి. "పరిమితికి లోపలే ఉంది" అని తిరస్కరిస్తే ఆ పరిమితి అంకె కూడా రాయమనండి. అన్నిటికంటే ముఖ్యం, మీ ఫోన్‌కొచ్చే ఓటీపీ. కొన్ని కంపెనీలు దాన్ని హ్యాపీ కోడ్ అని కూడా అంటాయి. అది చెప్పగానే కంప్లైంట్ "పరిష్కారమైంది" అని మూసుకుపోతుంది. జాబ్ షీట్ చదివి, ఫోటో తీసుకునే వరకు ఓటీపీ చెప్పకండి. కుర్రాడు మంచివాడే అయ్యుంటాడు, పాపం అతనికి రోజుకిన్ని కేసులు మూయాలని టార్గెట్ ఉంటుంది. అయినా సరే.

వాళ్లు కాదంటే అదే రోజు కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టండి. బిల్లు, జాబ్ షీట్, కొలతలతో ఉన్న ఫోటోలు జతచేసి, "ఈ పరిమితి అమ్మే ముందు నాకు చెప్పారా? చెప్పినట్టు ఆధారం పంపండి" అని అడగండి. నా లెక్కలో ఈ ప్రశ్న మిగతా వాదనలన్నిటికంటే బాగా పనిచేస్తుంది. చట్టంలో లోపం అన్నదానికి ఇచ్చిన అర్థంలో, అమ్మినవాడు చెప్పుకున్న ప్రమాణానికి తక్కువగా ఉండటం కూడా ఉంది. ప్రకటనలో తెర గురించి గొప్పలు చెప్పి, పరిమితి సంగతి మాన్యువల్ అడుగున దాస్తే అది మీకు ఉపయోగపడుతుంది.

ఎవరి టీవీ, ఎందుకు వాడుతున్నారు

సారెలో ఇచ్చిన టీవీ గురించి తరచూ అడుగుతారు. బిల్లు తండ్రి పేరున రాజోలులో ఉంటుంది, టీవీ కూతురి అత్తగారింట తణుకులో ఉంటుంది. ఇబ్బంది లేదు. కొన్నవారి అనుమతితో వాడేవాళ్లు కూడా చట్టం ప్రకారం వినియోగదారులే. బిల్లు కాపీ దగ్గర ఉంచుకోండి.

కువైట్, దుబాయ్, మస్కట్ నుంచి తెచ్చిన టీవీల సంగతి వేరు. వాటి వారంటీ సాధారణంగా కొన్న దేశంలోనే చెల్లుతుంది. కోనసీమలో ఇలాంటి టీవీలకి కొదవ లేదు. అక్కడ పెట్టెలో పెట్టే ముందే ఐదు రంగుల పరీక్ష చేయించండి, ఇక్కడికొచ్చాక చేయగలిగింది చాలా తక్కువ.

హోటల్లోనో, ఫంక్షన్ హాల్లోనో పెట్టిన ఇంటి టీవీకి, వ్యాపారానికి వాడారు కాబట్టి వారంటీ లేదని కంపెనీ అనొచ్చు. చాలా కార్డుల్లో ఆ షరతు ఉంటుంది. అదే పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసుకునే ఫోటోగ్రాఫరు, డీటీపీ చేసుకునే కుర్రాడు సొంత జీవనోపాధికి కొనుక్కున్న మానిటర్ అయితే, చట్టం వాళ్లని వినియోగదారులుగానే చూస్తుంది. నల్లచుక్క వల్ల ఎక్కువ నష్టపోయేది కూడా వీళ్లే. ఫోటోలో పెళ్లికూతురి బుగ్గ మీద ఉన్నది పుట్టుమచ్చో తెర మచ్చో తెలియక తలపట్టుకున్న స్టూడియో వాళ్లున్నారు. వాళ్లకి నా సలహా, వెయ్యో రెండు వేలో ఎక్కువైనా బ్రైట్ డాట్ హామీ రాతలో ఉన్న మానిటరే కొనండి.

షోరూముల్లో అంటగట్టే ఎక్స్‌టెండెడ్ వారంటీ గురించి ఒక్క ముక్క. పిక్సెల్ లోపాలు అందులో ఉన్నాయో లేవో షరతుల కాగితం చూసి కట్టండి. సేల్స్‌మన్ నోటిమాట నమ్మి కాదు.

పైకి వెళ్లాల్సి వస్తే

ముందు 1915. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఇది కోర్టు కాదు, మీ ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు రప్పిస్తుంది. పెద్ద కంపెనీలైతే కాల్ సెంటర్‌లో కదలని ఫైలు ఇక్కడ కదలడం చాలాసార్లు చూశాను. జాబ్ షీట్ నంబరు, తేదీలు దగ్గర పెట్టుకుని చేయండి.

అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఉమ్మడి తూర్పు గోదావరి వాళ్లకి కాకినాడ, రాజమహేంద్రవరం, ఉమ్మడి పశ్చిమ వాళ్లకి ఏలూరు. కంపెనీ హెడ్డాఫీసు ఎక్కడున్నా మీరు నివసించే చోటే కేసు వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది. వస్తువు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. లోపం బయటపడిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. పరీక్ష అవసరం లేని కేసు మూడు నెలల్లో, ల్యాబ్‌కి పంపాల్సినది ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. అమలులో అంతకంటే ఎక్కువ పట్టొచ్చు.

55 అంగుళాల టీవీలో మూలన ఒక్క నల్లచుక్క కోసం కమిషన్ మెట్లెక్కడం నాకైతే దండగ అనిపిస్తుంది. 1915తో ఆగిపోవచ్చు. తెర మధ్యలో ఉన్నా, గుంపుగా ఉన్నా, నెలనెలా పెరుగుతున్నా అప్పుడు వదలొద్దు.

మార్చి ఇచ్చాక

ప్యానెల్ మార్చడానికి ఒప్పుకుంటే, బిగించే ముందు అది కొత్తదా బాగుచేసినదా అడిగి జాబ్ షీట్‌లో రాయించండి. వెనక మూత తీసి పెట్టే పని ఇంట్లో దుమ్ములో కాకుండా సర్వీస్ సెంటర్‌లో చేస్తామంటే ఒప్పుకోండి, లోపల నలక చేరితే మళ్లీ మొదటికొస్తుంది. బిగించాక మళ్లీ ఐదు రంగులూ చూడాల్సిందే. మార్చిన ప్యానెల్‌లోనూ చుక్కలుండొచ్చు. పార్టు దొరకడం లేదు, డబ్బు తిరిగిస్తాం అంటే వాడిన నెలలకి తరుగు ఎంత తీస్తున్నారో మెయిల్లో తెప్పించుకుని చూశాకే సరేననండి.

టీవీ మొత్తం మార్చి ఇస్తే సీరియల్ నంబరు మారుతుంది, మీ బిల్లు మీద మాత్రం పాతదే ఉంటుంది. కొత్త నంబరుతో రీప్లేస్‌మెంట్ లెటర్ అడిగి తీసుకోండి. వారంటీ పాత బిల్లు తేదీ నుంచా, మార్చిన తేదీ నుంచా అన్నది అందులో రాయించి, బిల్లుతో కలిపి పిన్ను కొట్టి దాచండి. థర్మల్ కాగితం బిల్లయితే అక్షరాలు కొన్ని నెలల్లోనే వెలిసిపోతాయి, ముందే జిరాక్స్ తీయించుకోండి.